లిండ్నర్ సాబ్ రెండో మేనేజర్‌గిరీ

మగవాళ్లకు పిచ్చి రకరకాలుగా పడుతుంది. కొందరికి పేకాట, కొందరికి ఎన్నికలు. మా ఆయన విశ్వేశ్వర్‌కు ఎడ్లు. నాందేడ్ వజీరాబాద్ బజారులో పప్పుల దుకాణం ఉంది, ఎదురైతే పదిమంది దండం పెడతారు. ఇంత ఉండి కూడా చలికాలం వస్తే చాలు, మనిషి దుకాణంలో, మనసు శంకర్‌పట్ మైదానంలో. శంకర్‌పట్ అంటే మా నాందేడ్ వైపు ఎడ్ల పందెం. తేలిక బండికి జోడెడ్లను కట్టి దుమ్ము రేపుకుంటూ ఉరికిస్తారు. గెలిచినవాడిని ఊరేగిస్తారు. ఓడినవాడు ఇంటికొచ్చి పెళ్లాం మీద అరుస్తాడు. ఈ చివరిది కూడా ఆటలో భాగమేనని ఎవరూ చెప్పరు, అందుకని నేను చెబుతున్నాను.

వరసగా రెండేళ్లు భోకర్ రామకిషన్ జోడు చేతిలో ఓడాక, మా ఆయన నిండు బజారులో ఒట్టు పెట్టుకున్నాడు. గెలిచేదాకా నెత్తికి పటకా చుట్టడట! ఆ రోజుల్లో పటకా లేకుండా శేట్ గద్దె మీద కూర్చోవడమంటే మాటలా? ఎండకు బట్టతల కమిలిపోయేది. రోజూ కొబ్బరినూనె రాసేది నేనే.

"ఎందుకయ్యా గీ ఒట్టు? ఎడ్లకు తెల్వదు, రామకిషన్‌కు లెక్క లేదు. కాలేది నీ నెత్తే" అంటే పళ్లు కొరికేవాడు.

కొయినాలో భూమి అదిరిన ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో మా మేడ మీది గదిలోకి లిండ్నర్ సాబ్ దిగాడు. గోదావరి ఒడ్డున కొత్తగా పెట్టిన నూనె మిల్లుకు జర్మనీ నుంచి మిషన్లు వచ్చాయి. వాటిని బిగించి మనవాళ్లకు నేర్పడానికి ఈయన వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, గుమ్మం దగ్గర తల వంచాల్సినంత పొడుగు. అంతకుముందు బొంబాయిలో ఉండి వచ్చాడు కాబట్టి మాట సగం హిందీ, సగం చేతులు. నాలుగు నెలలు తిరక్కుండానే మా తెలుగూ పట్టుకున్నాడనుకోండి. ఆ చేతుల్లో కూడా ఒకటే సరిగ్గా పనిచేసేది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. తీగ మీది బట్టలు ఎడమచేత్తో తీసుకునేవాడు. వేడి నూనె పెట్టి రుద్దుకో సాబ్ అని ఎన్నిసార్లు చెప్పినా, "పాతది బాయీ, చాలా పాతది" అని తప్పించుకునేవాడు.

గదిలో గోడకు ఒక ఫోటో తగిలించుకున్నాడు. నేలకు ఆనేంత పొట్టి కారు, పైన కప్పు లేదు. అందులో నెత్తిన గిన్నె బోర్లించుకున్న పడుచువాడు కూర్చుని ఉన్నాడు. అది ఈయనే! "ఇందుల ఆడోళ్లు యాడ కూసుంటరు సాబ్?" అని అడిగితే పగలబడి నవ్వాడు. తొమ్మిదేళ్లు కారు పందాల్లో తోలాడట. పగలూ రాత్రీ ఆగకుండా, ఒకరు దిగితే ఒకరు ఎక్కి తోలే పందాలు కూడా ఉంటాయట. తర్వాత తోలడం మాని టీమ్ మేనేజర్ అయ్యాడట.

ఆ మాటకు మా ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మేనేజర్ ఏం జేస్తడు సాబ్? తోలేటోడు తోల్తడు, మాలిక్ పైసలు పెడ్తడు. నడుమ నీ పనేంది?"

లిండ్నర్ సాబ్ చాయ్ కప్పు కింద పెట్టి, మాట మాట వెతుక్కుంటూ చెప్పాడు. "డ్రైవర్‌కు ఇయ్యాల కావాలె. మాలిక్‌కు గెలుపు కావాలె. రేపు ఎవలకు కావాలె? ఎవలకు వద్దు. గా రేపు, మేనేజర్ పని."

మా ఆయనకు ముక్క అర్థం కాలేదు. కానీ మేనేజర్ అనే మాట మాత్రం తెగ నచ్చింది. రామకిషన్ జోడుకు మేనేజర్ లేడు కదా!

మరుసటి ఆదివారమే సాబ్‌ను భోకర్ దారిలో ఉన్న మా చేనుకు తీసుకుపోయాడు. మా జోడు పేర్లు సర్జా, హీరా. తోలేవాడు పాపయ్య, ధర్మాబాద్ మనిషి, పిడికెడు ఒళ్లు, బండెడు నోరు. పాపయ్య అదిలించగానే ఎడ్లు లేచిన తీరు చూసి లిండ్నర్ సాబ్ నాలుగడుగులు వాటి వెంట ఉరికాడట. తర్వాత మిల్లు పనిలో కూడా ఎప్పుడూ బయటపెట్టని గడియారం ఒకటి, నల్లతాడుకు కట్టి మెడలో వేసుకునేది, జేబులోంచి తీసి టిక్కున నొక్కాడట. ఆనాటి నుంచి మా ఎడ్లకు ఆయనే మేనేజర్.

అబ్బ, ఏం మేనేజర్‌గిరీ! బండిని మిల్లు కాంటా మీద తూయించి అక్కర్లేని చెక్కంతా తీసేయించాడు. ఇరుసుకు ఆముదం తానే పెట్టేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. పందెం దగ్గరపడుతుంటే ఎడ్ల నోట్లో గుడ్లూ బెల్లమూ కుక్కే అలవాటు మా ఆయనది, అది మాన్పించాడు. పాపయ్యకు తెల్లకోటు కుట్టించి వీపు మీద నంబరు రాయించాడు. ఆ కోటు తొడుక్కుని వాడు బజారుకు పోతే, "ఏం పాపయ్యా, దవాఖానల కాంపౌండర్ కొలువు దొరికిందా?" అని అడగనివాడు లేడు. అన్నిటికన్నా గొప్ప పని ఇంకొకటి చేశాడు. ఎడ్లు ఉరికేటప్పుడు మాలిక్ అరవగూడదని రూలు పెట్టి, మా ఆయనను దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పెళ్లైన నాటి నుంచి నావల్ల కానిది ఈ పరాయి దేశపు మనిషివల్ల అయ్యింది. ఆ పూట ఆయనకు పూరీలు చేసి పెట్టాను.

ఒక్కసారి మాత్రం నా చేత తిట్లు తిన్నాడు. పొలాల అమావాస్య వస్తోంది, మరాఠీవాళ్లు పోళా అంటారు. ఆ పొద్దున ప్రాక్టీస్ ఉందని పాపయ్యతో చెప్పాడట! మెట్ల మీదే నిలబెట్టి దులిపాను. "నీకేమన్న బుద్ధి ఉన్నదా సాబ్? ఏడాదంత మోసిన ఎద్దుకు గదొక్కటే పండుగ. ఆనాడు కాడి పెడ్తవా?"

ఆరడుగుల మనిషి, పాపం, మెట్టు మీద ఇంతైపోయాడు. నాకే జాలేసి, పండుగ ముందురోజు సాయంత్రం కొట్టంలోకి పిలిచి చూపించాను. కాడి మోసే భుజాన్ని వేడినీళ్లతో కడగాలి. నెయ్యిలో పసుపు కలిపి బాగా రుద్దాలి. రుద్దుతూ ఎద్దుతో అనాలి: "ఆజ్ ఆవతణ్ ఘ్యా, ఉద్యా జేవాయలా యా." ఇయ్యాల పిలుపు అందుకో, రేపు బువ్వకు రా అని. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఎడ్లతో ఈ మాట మాత్రం మరాఠీలోనే అంటాం. ఎందుకని నన్నడక్కండి, మా అత్త అట్లాగే అనేది.

లిండ్నర్ సాబ్ శ్రద్ధగా విని అడిగాడు. "పిల్సినంక ఎద్దు పనికి పోతదా?"

"ఎట్ల పోతది? పిలుపు అందుకున్న ఎద్దు ఇంటికి సుట్టం. సుట్టం మెడ మీద కాడి పెడ్తరా?"

"మాలిక్ పెడ్త అంటే?"

"ఊరంత మొకాన ఉమ్మేస్తది."

ఆ మరాఠీ మాటలు పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఆవతణ్ దగ్గర నాలుక మడతపడి ఆయన తంటాలు పడుతుంటే సర్జా తల తిప్పి మరీ చూసింది. నేనూ పాపయ్యా కడుపు పట్టుకుని నవ్వాం.

పుష్యంలో భోకర్ అవతల పందెం. ఆ ఏడాది మా జోడు ఉరుకుడు చూసి రామకిషన్ కూడా బెదిరాడని వార్త వచ్చింది. ఊరంతా గెలుపు మాదే అంటుంటే ఇంట్లో నేనెట్లా కూర్చుంటాను? ముందురోజు మధ్యాహ్నానికే అందరం బళ్లలో మైదానం పక్కకు చేరాం. గెలిచాక చుట్టుకోవడానికి మా ఆయన గులాబీ రంగు పటకా కొని నా పెట్టెలో పెట్టించాడు. దారి పొడుగునా, "ఉన్నదా? మంచిగ మలిచిపెట్టినవా?" అని అడుగుతూనే ఉన్నాడు. వెక్కిరిద్దామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను. పండక్కి కొత్తబట్ట దాచుకున్న పసివాడి మొహం అది.

పొద్దు వాలుతుండగా ఎడ్లను చూడబోయిన లిండ్నర్ సాబ్ సర్జా దగ్గర ఆగిపోయాడు. కాడి ఆనేచోట భుజం మీద వేళ్లు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. సర్జా చర్మం జలదరించింది.

"వేడి ఉన్నది. వాపు" అన్నాడు. "రేపు ఉరుకుడు లేదు."

మా ఆయన వచ్చి చూశాడు. వాపు కంటికి పెద్దగా ఆనడం లేదు. పాపయ్య నేలచూపులు చూస్తూ, "నిన్నటిసంది జెర ఉన్నది శేట్. రేపటికి దిగుతదనుకున్న" అని నసిగాడు.

"దిగుతది! పసుపు పెడ్తె తెల్లారెవరకు దిగుతది!" అన్నాడు మా ఆయన.

"దిగది. ఉరికితె భుజం పోతది. మొత్తం పోతది."

"సాబ్, రెండేండ్లు ఓడిన. ఏడాదిసంది నెత్తి మీద గుడ్డ లేకుంట తిరుగుతున్న. జోడు నాది. రేపు ఉరుకుతయ్. నీకు సూడబుద్ధి గాకపోతె నీ గడియారం తీస్కొని నాందేడ్‌కు పో. మేనేజర్ లేకున్నా ఎడ్లు ఉరుకుతయ్!"

చుట్టుపక్కల బళ్లవాళ్లంతా చూస్తున్నారు. లిండ్నర్ సాబ్ గడియారం జేబులో వేసుకున్నాడు. నేను రొట్టెలు చేస్తున్న పొయ్యి దగ్గరికి వచ్చి, పెద్ద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. ఆరిపోతున్న పుల్లను ఎడమచేత్తో మంటలోకి నెట్టాడు.

"బాయీ, నా భుజం కత చెప్పాల్నా?" అన్నాడు.

ఆయన తోలే రోజుల్లో ఒకసారి భుజానికి దెబ్బ తగిలిందట. నొప్పిగా ఉందని చెబితే, ఇంకొక్క వంతు తోలు, గెలుస్తున్నాం అన్నాడట అప్పటి మేనేజర్. తోలాడు. మలుపు దగ్గర చెయ్యి తిరగక కారు గట్టు దిగి బోర్లాపడింది. భుజం అంతటితో సరి. అందుకే తాను మేనేజర్ అయ్యాక, ఒక పందెంలో డ్రైవర్ చెయ్యి వాచి ఉండటం చూసి, తమ కారు అందరికన్నా ముందున్నా సరే ఆపేశాడట. ఆ సాయంత్రం అక్కడే, మైదానంలోనే, మాలిక్ ఆయన్ని పనిలోంచి తీసేశాడు. మళ్లీ ఏ టీమూ పిలవలేదు.

"అప్పటిసంది కార్లు లేవు. మిషన్లు" అన్నాడు నవ్వబోతూ. "ఇయ్యాల మళ్ల గట్లనే అయితది. నాకు నీ ఇల్లు మంచిగున్నది బాయీ. ఎడ్లు మంచిగున్నయ్. మళ్ల పోవుడంటే... కష్టం ఉన్నది."

ఆ నవ్వు పెదవి మీద నిలవలేదు. నాకు ఏడుపొచ్చింది. పెనం మీది రొట్టె మాడి వాసన వస్తున్నా తియ్యాలని తోచలేదు.

అప్పుడడిగాడు. "నెయ్యి ఉన్నదా? పసుపు?"

ఆయన మొహంలోకి చూశాను. ఏం చెయ్యబోతున్నాడో అర్థమైంది. నా పక్కనే పెట్టె ఉంది, అందులో గులాబీ పటకా ఉంది. దానివైపు ఒకసారి చూశాను. తర్వాత నెయ్యి గిన్నె, పసుపు పొట్లం, పొయ్యి మీది వేడినీళ్లు, అన్నీ ఆయన చేతికిచ్చాను.

ఎడ్లన్నీ కట్టేసి ఉన్న చోటికి, పదిమంది మధ్యకు పోయాడు. ఎడమచేత్తోనే సర్జా భుజం కడిగాడు. వాపు తగలకుండా చుట్టూ మెల్లగా నెయ్యీ పసుపూ రాశాడు. బళ్లవాళ్లు ఒక్కొక్కరే లేచి చుట్టూ చేరారు. చాయ్ తాగుతున్న రామకిషన్ కూడా గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అప్పుడు లిండ్నర్ సాబ్ ఎద్దు చెవిలో కాదు, మైదానమంతా వినబడేట్టు అరిచాడు.

"ఆజ్ ఆవతణ్ ఘ్యా! ఉద్యా జేవాయలా యా!"

ఒక్క తడబాటు లేదు. నాలుగు నెలలు ఒక్కడే మేడ మీద సాధన చేసినట్టున్నాడు.

ఎవరో ముసలి రైతు పకపకా నవ్వి, "అయిపాయె! ఎద్దును బువ్వకు పిల్సిండ్రు. ఇంక రేపెట్ల కడ్తవ్ శేట్?" అన్నాడు.

మా ఆయన ఉరికొచ్చాడు. మొహం కందగడ్డ. "ఇది పొలాల కాదు! ఇది పుష్యం! జర్మన్ దేశపోడు పిలిస్తె పిలుపెట్లయితది? పిలుపంటే ఇంటిది గావాలె!"

"గదీ నిజమే" అన్నారు ఇద్దరు ముగ్గురు. పిలుపు ఇంటివాళ్లది కావాలి. ఇంటిది అంటే ఇంటి ఆడదానిది. అందరి తలలూ నావైపు తిరిగాయి. మా ఆయన కూడా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. అదే నాకు కష్టమైంది.

పిండి చేతులు కొంగుకు తుడుచుకుని లేచాను.

"నెయ్యి నా ఇంటిది. పసుపు నా ఇంటిది. ఆ మాట నేర్పింది నేను. పిలుపు నాదే" అన్నాను. "రేపు సర్జా, హీరా ఈడ్నే బువ్వ తింటయ్. ఎవడన్న నా సుట్టాల మెడ మీద కాడి పెడ్తె సూస్త."

మా ఆయన గిర్రున తిరిగి పోయి బండి కింద చాప పరుచుకుని, అందరికీ వీపు పెట్టి పడుకున్నాడు.

మరునాడు అవతల పందెం జరుగుతుంటే, ఇవతల మూడు రాళ్ల పొయ్యి మీద నేను పోళెలు, అదే బొబ్బట్లు, చేశాను. నా పెళ్లప్పుడు కూడా అంత పొగ మింగలేదు. చాటలో పోళెలు పెట్టి సర్జాకూ హీరాకూ తినిపించాం. మైదానంలోంచి కేకలు వినబడినప్పుడల్లా బండి కింది వీపు ఒకసారి కదిలేది. రామకిషన్ జోడే గెలిచింది. మెడలో దండతోనే అతను మా దగ్గరికి వచ్చి, సర్జా ముట్టె నిమిరి, "వచ్చే ఏడు మంచిగై రావాలె. నువ్వు లేని పట్‌ల గెలిస్తే మజా లేదు" అని ఎద్దుతోనే చెప్పి పోయాడు.

మధ్యాహ్నానికి వాపు ఉమ్మెత్తకాయంత పొంగింది. ఎవరూ చూడటం లేదనుకుని మా ఆయన బండి కిందనుంచి లేచి, ఎద్దు దగ్గరికి పోయాడు. వేలు ఆనించగానే సర్జా కాళ్లు మడిచి కూలబడబోయింది. చెయ్యి వెనక్కి లాక్కుని చాలాసేపు దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు. నేను చూడనట్టు పోళెలు తిప్పుతున్నాను.

నాందేడ్ చేరేదాకా ఆ ఇద్దరూ చెరో బండిలో కూర్చున్నారు. ఇంటికి రాగానే లిండ్నర్ సాబ్ నేరుగా మేడెక్కాడు. చాయ్ తీసుకుని పోతే ఫోటో గోడ మీద లేదు. ఆయన పెట్టె సర్ది మూసి ఉంది. గడియారం మాత్రం నల్లతాడుతో సహా బల్ల మీద పెట్టి ఉంది. "ఇది పాపయ్యకు ఇయ్యి బాయీ. నేను మిల్లు క్వార్టర్ల ఉంట" అన్నాడు. చాయ్ ఆ గడియారం పక్కన పెట్టి దిగొచ్చాను.

కింద వంటింట్లో గిన్నెల చప్పుడు! మా ఆయన డబ్బాలన్నీ బోర్లిస్తున్నాడు. "పసుపు యాడ పెట్టి సచ్చినవే?" అన్నాడు. వేలు చూపించాను. దోసెడు పసుపు నెయ్యి గిన్నెలో ఒంపి, సగం నేల మీద పోసి, ధోతికింత పూసుకుని, మెట్లు ఎక్కాడు. నేను వెనకే ఎక్కాను. ఇట్లాంటిది చూడకుండా ఎవరుంటారు?

"కూసో సాబ్" అన్నాడు మా ఆయన.

లిండ్నర్ సాబ్ కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన ఆయన చొక్కా భుజం కిందికి లాగి, ఆ పాత మచ్చ మీద నెయ్యీ పసుపూ పెట్టి, పిండి పిసికినట్టు రుద్దడం మొదలుపెట్టాడు. సాబ్ కళ్లు మూసుకున్నాడు. రుద్దుతూ రుద్దుతూ మా ఆయన గొంతు సవరించుకుని, గోడకేసి చూస్తూ అన్నాడు. "ఆజ్ ఆవతణ్ ఘ్యా. ఉద్యా జేవాయలా యా."

సాబ్ భుజాలు వణికాయి. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. కాదు, ఏడుస్తున్నాడు.

"రేపు నీకు పని లేదు" అన్నాడు మా ఆయన గట్టిగా. "మిల్లుకు పోవుడు లేదు, ఏం లేదు. సుట్టానివి. తిని పండు."

కాసేపటికి లిండ్నర్ సాబ్ ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఎల్లుండి?" అని మెల్లగా అడిగాడు.

మా ఆయన బల్ల మీది గడియారం తీశాడు. పసుపు చేతులతోనే ఆ నల్లతాడు ఆయన మెడలో వేశాడు.

"ఎల్లుండి హీరాను ఒక్కదాన్నే నడిపియ్యాలె గద, లేకుంటె కాళ్లు పట్టుకుంటయ్. సర్జాకు మందు సూడాలె. గివన్ని నన్నడుగుతవేంది? మేనేజర్‌వు నువ్వా, నేనా?"